ఉక్కు మొక్క

2014 జూలైలో ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో ఆందోళన చేస్తున్న విద్యార్థుల నోట ఒక విచిత్రమైన మొక్క పేరు తరచుగా వినిపించేది. అది ఏ అడవిలోనూ మొలవదు, ఏ నర్సరీలోనూ దొరకదు. సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రంలోని 'స్టీల్ ప్లాంట్' అన్న మాటను హిందీలోకి మార్చినవారు 'పౌధా' అని రాశారన్నది వారి ఫిర్యాదు. 'లోహే కా పౌధా' అని కొందరూ, 'ఇస్పాత్ కా పౌధా' అని కొందరూ చెప్పేవారు. పౌధా అంటే మొక్క. ఉక్కు కర్మాగారం కాస్తా ఉక్కు మొక్క అయి కూర్చుంది. దాని పక్కనే మరో ఉదాహరణ కూడా వినిపించేది: 'టాబ్లెట్ కంప్యూటర్' కాస్తా 'గోలీ కంప్యూటర్', అంటే మాత్రల కంప్యూటర్, అయిందని. టీవీ చానళ్లకు ఇది నవ్వులాట. రోజుకు పన్నెండు గంటలు చదువుతూ, ఊళ్లో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో అద్దె గదిలో కాలం గడుపుతున్న కుర్రవాడికి అది నవ్వులాట కాదు.

ముఖర్జీ నగర్ గురించి తెలుగు పాఠకులకు '12త్ ఫెయిల్' సినిమా వచ్చాక కొంత తెలిసింది. ఉత్తర ఢిల్లీలో, జీటీబీ నగర్ మెట్రో స్టేషన్‌కు దగ్గరలో, శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు మీద వెలసిన కాలనీ అది. 1947లో పశ్చిమ పంజాబు నుంచి తరలివచ్చిన శరణార్థులకు గుడారాలు వేసిన కింగ్స్‌వే క్యాంపు ఆ పక్కనే ఉండేది. ఐదో జార్జి 1911లో దర్బారు జరిపి, రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించిన మైదానం కూడా అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరమే. సామ్రాజ్యం తన రాజధానిని ప్రకటించుకున్న చోటికి కూతవేటు దూరంలో, ఆ సామ్రాజ్యం వదిలివెళ్లిన పరీక్ష కోసం బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ పల్లెల పిల్లలు హిందీ మాధ్యమంలో చదువుకుంటూ ఉంటారు. ఇంగ్లీషు మాధ్యమం వారి కోచింగ్ కేంద్రాలు ప్రధానంగా ఓల్డ్ రాజిందర్ నగర్‌లో. మన తెలుగువారిలో ఎక్కువమంది కనిపించేది కూడా అటే, లేదా హైదరాబాద్ అశోక్ నగర్‌లో. కాబట్టి ముఖర్జీ నగర్ గొడవ మనది కాదని చాలామంది అనుకున్నారు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఆ గొడవకు మూలం సీశాట్. 2011లో ప్రిలిమ్స్ స్వరూపం మార్చి, ఐచ్ఛిక సబ్జెక్టు తీసేసి, దాని స్థానంలో 200 మార్కుల ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టారు. అందులో 80 ప్రశ్నలు, రెండు గంటల సమయం. పేరాలు ఇచ్చి, చదివి జవాబు గుర్తించమనే ప్రశ్నలే వాటిలో పెద్ద వాటా. ఆ పేరాలను ఇంగ్లీషులో రాసి హిందీలోకి మార్చేవారు. వీటికి తోడు పూర్తిగా ఇంగ్లీషులోనే ఉండే కొన్ని ప్రశ్నలు, దాదాపు 20 మార్కులవి, వేరుగా ఉండేవి. ఇంజనీరింగు, మేనేజిమెంటు చదివినవారికి ఇది కలిసొచ్చింది, చరిత్రనో రాజనీతి శాస్త్రాన్నో మాతృభాషలో చదివి వచ్చినవారు వెనకబడ్డారు అన్నది వాదన. 2014 మార్చిలో కేంద్రం అరవింద్ వర్మ కమిటీ వేసింది. నివేదిక రాకముందే పరీక్ష దగ్గరపడింది. జూలై 24న హాల్ టికెట్ల జారీ మొదలైందన్న వార్తతో ఆ రాత్రి ముఖర్జీ నగర్ పరిసరాల్లో వాహనాలు తగలబడ్డాయి. మర్నాడు పార్లమెంటు దద్దరిల్లింది. ఆగస్టు 4న సహాయ మంత్రి జితేంద్ర సింగ్ లోక్‌సభలో ఒక ప్రకటన చేశారు: ఇంగ్లీషు ప్రశ్నల మార్కులను ర్యాంకు లెక్కలోకి తీసుకోరు, 2011లో పరీక్ష రాసినవారికి 2015లో మరో అవకాశం ఇస్తారు. ఆగస్టు 24న పరీక్ష జరిగిపోయింది.

ఇవి ఆనాటి పత్రికలు చదివినవారికి గుర్తున్న విషయాలే. నన్ను ఆలోచింపజేసింది ఆ మొక్క.

'ప్లాంట్' అన్న మాటకు హిందీలో సరైన పదం లేక ఆ తప్పు జరగలేదు. 1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పరిభాషా సంఘాన్ని నెలకొల్పింది. కర్మాగారం అన్న అర్థంలో ప్లాంటుకు 'సంయంత్ర' అన్న సంస్కృత పదం ప్రభుత్వ హిందీలో ఏనాటి నుంచో ఉంది. మరోవైపు భిలాయిలోనో బొకారోలోనో టీకొట్టు దగ్గర నిలబడి అడిగితే ఎవరైనా 'స్టీల్ ప్లాంట్' అనే అంటారు. పండితుల పదం ఒకటుంది, బజారు పదం ఒకటుంది. రెండూ సరైనవే. అనువాదం చేసినవారు ఈ రెండింటినీ వదిలేసి, నిఘంటువు తెరిచి మొదటి అర్థం దగ్గరే ఆగిపోయారు. అంటే తప్పు భాషది కాదు. ఆ భాషలో చదివేవాడు ఒకడున్నాడన్న స్పృహ ప్రశ్నపత్రం తయారయ్యే గదిలో లేకపోవడమే తప్పు.

అయితే ఒక మొక్క పేరు ఇంత పెద్ద కర్మాగారానికి ఎలా వచ్చిందన్నది కూడా చూడదగ్గ చరిత్రే. లాటిన్‌లో 'ప్లాంటా' అంటే నాటడానికి తీసిన కొమ్మ, అంటు. అరికాలికి కూడా అదే మాట. కొమ్మను మట్టిలో గుచ్చి అరికాలితో తొక్కి గట్టిపరచడం నుంచి ఈ రెండర్థాలూ కలిశాయని కొందరు భాషావేత్తల ఊహ. మడమనొప్పితో ఆసుపత్రికి వెళ్లినవారు చీటీ మీద 'ప్లాంటార్' అన్న మాట చూసే ఉంటారు. మన రైతు కూడా అంటు గుచ్చాక చుట్టూ మట్టి తొక్కుతాడు కనుక ఆ ఊహ మనకు వింతగా తోచదు.

ఆ తర్వాత ఇంగ్లీషువారు నాటినవి మొక్కలు మాత్రమే కావు. 1609లో ఐర్లండు ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో స్థానికుల భూములు లాక్కుని అక్కడ ఇంగ్లండు, స్కాట్లండు నుంచి తెచ్చిన ప్రజలను స్థిరపరచారు. దానికి వారు పెట్టుకున్న పేరు 'ప్లాంటేషన్'. అంటే మనుషులను నాటడం. ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ప్లాంటేషన్ల మీద ఒక వ్యాసమే రాశాడు. అది తోటల పెంపకం గురించి కాదు, వలసల స్థాపన గురించి. పదిహేడో శతాబ్దం చివర లండన్‌లో వలసల వ్యవహారాలు చూసిన బోర్డు పేరులో కూడా వ్యాపారంతో పాటు ఈ ప్లాంటేషన్లు ఉన్నాయి. వలస అన్న అర్థం నెమ్మదిగా తోట అన్న అర్థంలోకి జారింది. వలసల్లో పండించింది చెరుకు, పత్తి, పొగాకు, ఆ తర్వాత తేయాకు, రబ్బరు. బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు మన విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల నుంచి తెలుగువారు మారిషస్‌కు, నేటాల్‌కు, ఫిజీకి ఓడలెక్కారు. మలయా రబ్బరు తోటలకు వెళ్లారు. అస్సాం తేయాకు తోటల్లోనూ మనవాళ్ల సంతతి ఉంది. తెలుగులో ఆ చరిత్ర మొత్తం 'తోట' అన్న చల్లని మాట కింద దాగిపోయింది. తోట అంటే మనకు మామిడి నీడ గుర్తొస్తుంది. ప్లాంటేషన్ అన్న మాట వింటే కరీబియన్ నల్లజాతివాడికి కొరడా గుర్తొస్తుంది. ఒకే వస్తువుకు రెండు భాషల్లో రెండు జ్ఞాపకాలు. 1951లో మన పార్లమెంటు చేసిన ప్లాంటేషన్ కార్మికుల చట్టాన్ని మన పత్రికలు 'తోటల కార్మికుల చట్టం' అని రాస్తే, అది అక్షరాలా సరైన అనువాదమే. అయినా ఏదో జారిపోయినట్లే అనిపిస్తుంది.

యంత్రాలకు ఈ పేరు పద్దెనిమిదో శతాబ్ది చివర అంటుకుంది. నేలలో పాతి, బిగించి, కదలకుండా నిలిపినది ఏదైనా ప్లాంటే. అక్కడి నుంచి కర్మాగారం మొత్తానికీ ఆ పేరు స్థిరపడింది. ఇంకోవైపు ఎవరికీ తెలియకుండా ఒకచోట పెట్టిన వస్తువుకూ, మనిషికీ కూడా ఇదే మాట. పోలీసులు తుపాకి ప్లాంట్ చేశారంటాం. సభలో అధికార పక్షం తన సభ్యుడి చేతనే అడిగించుకునే ప్రశ్నను ప్లాంటెడ్ ప్రశ్న అంటాం. మా వృత్తిలో ప్లాంటెడ్ వార్తలకు కొదవ లేదు. ఢిల్లీలో పాతికేళ్లు పనిచేసిన ఏ విలేకరిని కదిపినా, ఫలానా మంత్రి వార్తను ఫలానా పత్రికలో ఎవరు నాటారో, అది ఎప్పుడు మొలిచిందో, ఎవరు కోసుకున్నారో పూసగుచ్చినట్లు చెబుతాడు.

తెలుగువారు ఈ మాటను తమ పద్ధతిలో సొంతం చేసుకున్నారు. విశాఖలో 'ప్లాంటులో ఉద్యోగం' అంటే ఇంకో వివరణ అక్కరలేదు. నల్లగొండ పల్లెల్లో 'ప్లాంటు నీళ్లు' అంటే శుద్ధిచేసి క్యాన్లలో అమ్మే నీళ్లు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన జిల్లాలో ఆ రెండు మాటల బరువు వేరు. రోడ్డు పనుల మేస్త్రీకి ప్లాంటు అంటే తారు కలిపే చోటు. కడియం నర్సరీలకు వచ్చే పట్నం కొనుగోలుదారుకు అది మళ్లీ మొక్కే. ఇవన్నీ ఎవరూ అనువదించి ఇవ్వలేదు. ఒక్కొక్కరూ తమకు కావలసిన కొమ్మ విరుచుకుని పోయి నాటుకున్నారు.

ఇంకో విశేషం ఉంది. 1966లో రాష్ట్రమంతటినీ కుదిపేసిన ఉద్యమం ఒక స్టీల్ ప్లాంటు కోసం. ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో విశాఖను అనువైన చోటుగా సూచించింది. కేంద్రం తాత్సారం చేసింది. అక్టోబరులో టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమం మనకు వదిలిన నినాదం 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు'. గమనించండి, ఆ నినాదంలో ప్లాంటూ లేదు, కర్మాగారమూ లేదు. అనువాద సమస్యను జనం ఆ మాటనే ఎత్తేసి పరిష్కరించుకున్నారు. ఉక్కు అంటే చాలు. అందులో కొలిమి, పని, జీతం, ఆత్మగౌరవం అన్నీ వచ్చేశాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. భూములిచ్చిన 64 గ్రామాలవారికి 'నిర్వాసితులు' అన్న మాట మిగిలింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ సంస్థలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి అరిచిన నినాదమూ అదే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మకం నిర్ణయం ఏమైందన్న ప్రశ్నకు మాత్రం ఆ అంకె జవాబు కాదు.

ఉక్కు మొక్క అన్న అపహాస్యం నిజమైన చోటు కూడా మన దగ్గరే ఉంది. ముఖర్జీ నగర్‌లో ఆందోళన రగులుతున్న 2014 జూలై నాటికి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం అమల్లోకి వచ్చి నెల దాటింది. దాని 13వ షెడ్యూలులో కడప, ఖమ్మం జిల్లాల్లో సమీకృత స్టీల్ ప్లాంట్ల ప్రస్తావన ఉంది. ఆరు నెలల్లోగా స్టీల్ అథారిటీ సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని చట్టం మాట. అక్కడ వాడిన క్రియ 'ఎగ్జామిన్'. పరిశీలించడమే, స్థాపించడం కాదు. మన నాయకులు సభల్లో దాన్ని తెలుగు చేసి చెప్పినప్పుడు 'కడపకు ఉక్కు ఫ్యాక్టరీ ఇస్తామని చట్టంలో రాశారు' అయింది. స్టీల్ అథారిటీ పరిశీలించింది, లాభసాటి కాదంది. చట్టం మాట చట్టం ప్రకారం నెరవేరిపోయింది. ఇక కడప జిల్లాలో ఉక్కు పేరున పడిన పునాది రాళ్ల లెక్క వేరు: 2007లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి, 2018 డిసెంబరులో చంద్రబాబు నాయుడు, 2019 డిసెంబరులోనూ 2023 ఫిబ్రవరిలోనూ జగన్మోహన్ రెడ్డి. పదహారేళ్లలో నాలుగు సార్లు నాటారు. హిందీ అనువాదకుడిని చూసి నవ్వేముందు జమ్మలమడుగు రైతును అడిగి చూడాలి, ఆయన భూమిలో నాటినది కర్మాగారమా, మొక్కా అని.

ఒక మాటకు ఇన్ని అర్థాలుంటే ఆ అనిశ్చితి భారం ఎవరి మీద పడుతుందన్నది అసలు రాజకీయ ప్రశ్న. దీనికి కోర్టుల్లో దొరికే సమాధానం ఒకటి, పరీక్ష హాలులో దొరికేది మరొకటి.

కోర్టు సంగతి ముందు చూద్దాం. 1887లో ఇంగ్లండులో ఒక బండివాడిని యజమాని గుర్రం తన్నింది. యాజమాన్యపు ప్లాంటులోని లోపం వల్ల పనివాడికి గాయమైతే పరిహారం ఇవ్వాలని అప్పటి చట్టం. గుర్రం ప్లాంటా అన్నది ప్రశ్న. ప్లాంటే అని యార్మత్ కేసులో న్యాయమూర్తి లిండ్లీ తేల్చారు. వ్యాపారి తన వ్యాపారం నడపడానికి వాడుకునే సాధనమేదైనా, అది అమ్మకపు సరుకు కానంతవరకు, ప్లాంటే. ఆ నిర్వచనం సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చింది. సికింద్రాబాదులోని తాజ్ మహల్ హోటలు, అదే తరాలుగా మన వాళ్లు ఇడ్లీ, దోసె తిన్న హోటలు, తన స్నానాల గదుల్లో బిగించిన గొట్టాలూ, పారిశుధ్య సామగ్రీ ప్లాంటు కిందికే వస్తాయి కనుక తమకు పన్ను రాయితీ ఇవ్వాలని వాదించింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో కోర్టు హోటలు వాదనే సరైనదంది. చట్టంలోని నిర్వచనమే వాహనాలను, పుస్తకాలను, శస్త్రచికిత్స పరికరాలను ప్లాంటులో కలిపినప్పుడు, ఆ మాటను విశాలంగా చదవాలన్నదే శాసనకర్తల ఉద్దేశమని తర్కం. పుస్తకం ప్లాంటే, గుర్రం ప్లాంటే, స్నానాల గది గొట్టమూ ప్లాంటే.

మరి మొక్క? ఆదాయపు పన్ను చట్టంలో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. ప్లాంటు అంటే తేయాకు పొదలు కావు, పశువులు కావు. 1995 ఫైనాన్స్ చట్టం ద్వారా పార్లమెంటు ఆ మాటలు చేర్చింది. చేర్చడమే కాదు, 1962 నుంచే అవి అక్కడ ఉన్నట్లు భావించాలని కూడా అంది. అంటే ముప్పై మూడేళ్లు వెనక్కి వెళ్లి, మొక్క ప్లాంటు కాదని శాసించింది. ఇలాంటిదే ఈ మధ్యా జరిగింది. ఒడిశాలో షాపింగ్ మాల్ కట్టి అద్దెలకిచ్చిన ఒక కంపెనీ, ఆ భవనం కూడా తన వ్యాపారానికి ప్లాంటే కనుక కట్టడానికి చెల్లించిన జీఎస్టీ తిరిగి జమ చేయాలని కోరింది. ఇతర చోట్ల 'ప్లాంటు మరియు యంత్రాలు' అన్న చట్టం ఈ ఒక్క క్లాజులో 'ప్లాంటు లేదా యంత్రాలు' అంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ తేడాను పట్టుకుని, భవనం చేసే పనిని బట్టి అది ప్లాంటు కావచ్చునంది. మరుసటి ఏడాది బడ్జెట్‌తో పాటు వచ్చిన చట్టంలో కేంద్రం 'లేదా'ను తీసేసి 'మరియు' పెట్టింది. 2017 జూలై 1 నుంచే అది 'మరియు' అని చదువుకోవాలని కూడా చెప్పింది. అది ముసాయిదాలో దొర్లిన పొరపాటు మాత్రమేనని ప్రభుత్వ వాదన.

ఇప్పుడు పరీక్ష హాలుకు వెళ్దాం. రెండు గంటలు, 80 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు 90 సెకన్లు, రెండున్నర మార్కులు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఇంగ్లండు న్యాయమూర్తులు, భారత సుప్రీంకోర్టు, పార్లమెంటు ఉభయసభలు కలిసి నూట ముప్పై ఎనిమిదేళ్లుగా తేల్చుకుంటున్న మాటను సమస్తిపూర్ కుర్రవాడు తొంభై సెకన్లలో తేల్చుకోవాలి. అతని ముందున్న కాగితంలో అది మొక్క అని అచ్చయి ఉంది. ఎదుటి పేజీలోని ఇంగ్లీషు పాఠం చూసి సవరించుకోవచ్చు కదా అనేవారున్నారు. అలా చూసి సవరించుకోగలిగిన ఇంగ్లీషే ఉంటే అతను ఆ హిందీ పాఠం దగ్గరికి ఎందుకు వస్తాడు? పన్ను చెల్లించే కంపెనీ అర్థం తేలేదాకా వాయిదాలు తీసుకోగలదు. ప్రభుత్వం అర్థం నచ్చకపోతే వెనక్కి వెళ్లి మార్చుకోగలదు. అభ్యర్థికి మాత్రం ఆ ఏడాది పోతే పోయినట్లే.

ఈ పరీక్షకు భాషతో ఉన్న పేచీ కొత్తది కాదు. 1855లో మొదటి పోటీ పరీక్ష లండన్‌లో జరిగింది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వెళ్లి నెగ్గుకువచ్చిన మొదటి భారతీయుడు. 1922 వచ్చేదాకా ఆ పరీక్ష భారత గడ్డ మీద జరగనే లేదు. అప్పుడు అలహాబాదులో మొదలైంది. కాంగ్రెస్ తొలి తరం నాయకులు దశాబ్దాల పాటు చేసిన డిమాండు పరీక్షా స్థలం గురించే. భాష గురించిన డిమాండు స్వాతంత్ర్యం తర్వాతది. 1968 జనవరి 18 నాటి అధికార భాషా తీర్మానంలో పార్లమెంటు ఒక హామీ ఇచ్చింది: అఖిల భారత సర్వీసులకు, ఉన్నత కేంద్ర సర్వీసులకు జరిగే పరీక్షలను ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోనూ, ఇంగ్లీషులోనూ రాయనివ్వాలి. దౌలత్ సింగ్ కొఠారీ కమిటీ సిఫారసులతో 1979లో ఆ హామీ సగం నెరవేరింది. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు. 1980ల చివర షాజహాన్ రోడ్డులోని కమిషన్ కార్యాలయం ముందు ఇంగ్లీషు ఆధిపత్యానికి వ్యతిరేకంగా మొదలైన ధర్నా ఏళ్ల తరబడి సాగింది. 2013 మార్చిలో కమిషన్ నియమాలు మళ్లీ మార్చి, ఇంగ్లీషుకు ర్యాంకు లెక్కలో 100 మార్కులు చేర్చింది, కనీసం 25 మంది అభ్యర్థులుంటేనే ఒక ప్రాంతీయ భాషలో పరీక్ష అంది. పార్లమెంటులో అన్ని పక్షాలూ లేచి నిలబడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

సగం నెరవేరిందన్నాను. మిగిలిన సగం ప్రశ్నపత్రం. జవాబు తెలుగులో రాయవచ్చు గాని ప్రశ్న తెలుగులో రాదు. సాహిత్యం, భాష పేపర్లు మినహా ప్రిలిమ్స్, మెయిన్స్ ప్రశ్నపత్రాలు అచ్చయ్యేది ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే. ముఖర్జీ నగర్ గొడవ మనది కాదని అనుకున్నవారు చూడనిది ఇదే. అక్కడి కుర్రవాడికి చెడ్డ అనువాదం దొరికింది. శ్రీకాకుళం కుర్రవాడికి అసలు అనువాదమే లేదు. 'ఉక్కు మొక్క' అని తప్పుగా రాసి ఇచ్చేవాడు కూడా తెలుగువాడికి లేడు. ఇంగ్లీషులో ప్రశ్న చదివి, మనసులో తెలుగు చేసుకుని, తెలుగులో ఆలోచించి రాయాలి. అతనే అభ్యర్థి, అతనే అనువాదకుడు. 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ మెయిన్స్ తెలుగులో రాశారు, ఇంటర్వ్యూలో దుబాసీ సాయంతో తెలుగులోనే మాట్లాడారు. ఆ విజయం చూసి అంతా గర్వించాం, సన్మానాలు చేశాం. ఆయన చదివిన ప్రశ్నలు మాత్రం తెలుగులో లేవన్న సంగతిని ఆ వేదికల మీద ఎందరు ప్రస్తావించారు?

మన ఇంటి సంగతీ చెప్పుకోవాలి. రాష్ట్ర సర్వీస్ కమిషన్లు ప్రశ్నపత్రాలను తెలుగులోనూ ఇస్తాయి. సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమన్న షరతు వెంటే ఉంటుంది. గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో తెలుగు అనువాదం తప్పుల తడక అని అభ్యర్థులు హైకోర్టు మెట్లెక్కిన సందర్భాలున్నాయి. తెలుగు అకాడమీని 1968లో పెట్టుకున్నాం, పారిభాషిక పదకోశాలు అచ్చువేసుకున్నాం. ఆ పదకోశాలు ఒక చోట, ప్రశ్నపత్రం ఒక చోట. హిందీవారి 'సంయంత్ర'కు పట్టిన గతే మన పదాలకూ పట్టింది. తెలుగు పేరుతో గెలిచిన ప్రభుత్వాలు, ఆత్మగౌరవం పేరుతో గెలిచిన ప్రభుత్వాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి, పోయాయి. కేంద్రంలో సంకీర్ణాలను నిలబెట్టినవారూ వారిలో ఉన్నారు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం తెలుగులో కావాలన్న కోరికను మద్దతుకు షరతుగా పెట్టినవారు ఎవరూ లేరు.

2014 ఆందోళనకు ఫలితం తర్వాతి ఏడాది పూర్తిగా దక్కింది. 2015 నుంచి సీశాట్ పేపరులో 33 శాతం వస్తే చాలు, ర్యాంకుకు ఆ మార్కులు కలవవు. ముఖర్జీ నగర్ గెలిచిందని రాశారు. పరీక్ష తీరును సమీక్షించేందుకు ఆ ఆగస్టులో బస్వాన్ కమిటీ వేశారు. ఆందోళన రోజుల్లో తమిళ సభ్యులు పార్లమెంటులో ప్రశ్నపత్రం అన్ని భాషల్లోనూ ఇవ్వాలని గొంతెత్తారు. హిందీ ప్రాంతపు నాయకులు 'భారతీయ భాషలు' అన్న మాటను బహువచనంలోనే వాడారు, ఊరట మాత్రం ఏకవచనంలో పుచ్చుకుని ఇంటికి వెళ్లారు. అనువాదపు తప్పులూ ఆగలేదు. 2020 ప్రిలిమ్స్ హిందీ పాఠంలో శాసనోల్లంఘన ఉద్యమం కాస్తా సహాయ నిరాకరణ ఉద్యమం అయిందని మళ్లీ ఫిర్యాదులు వచ్చాయి. పదేళ్ల తేడా ఉన్న రెండు గాంధీ ఉద్యమాలవి. చరిత్ర పరీక్షలో ఆ తేడాయే ప్రశ్న.

2023 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ మరో నిర్ణయం ప్రకటించింది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాల పరీక్షను 2024 జనవరి 1 నుంచి హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహిస్తారు. అందులో తెలుగు ఉంది. కానిస్టేబుల్ కాబోయే పలాస కుర్రవాడికి ప్రశ్న తెలుగులో అందుతుంది. అతనికి పై అధికారి కావాలనుకున్న పలాస అమ్మాయి మాత్రం సివిల్స్ ప్రిలిమ్స్‌లో 'ప్లాంట్' అన్న మాట ఎదురైతే, ఆ చోట అది కర్మాగారమో మొక్కో తొంభై సెకన్లలో తనంతట తానే తేల్చుకోవాలి.